మామిడి సీజన్ గట్టెక్కించినవాళ్లకు

మా పల్ప్ ఫ్యాక్టరీలో ఈ ఏడాది పని ముగిసింది. ఇన్నాళ్లూ ఊపిరి తీసుకోవడానికే తీరిక లేదు కాబట్టి, చెప్పాల్సిన కృతజ్ఞతలన్నీ ఇప్పుడు ఒకేసారి చెప్తున్నాను.

చిత్తూరు వాళ్లకి జూన్, జూలై అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. గేటు బయట తోతాపురి ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి, లోపల రాత్రీ పగలూ పని. నేను క్వాలిటీ చూస్తాను. తీపిని కొలిచే బ్రిక్స్ 14 కంటే తగ్గినా, పులుపు తేడా వచ్చినా, గుజ్జులో నల్ల మచ్చలు కనిపించినా లైన్ ఆపించేది నేనే. 215 కిలోల డ్రమ్ము నా సంతకం లేకుండా కదలదు. సరిగ్గా ఈ పని నెత్తిన ఉండగా, 47 ఏళ్ల వయసులో, నా ఒళ్లు నా మాట వినడం మానేసింది.

డబ్బాలు ఆవిరితో ఉడికించే రిటార్ట్ మూత ఎత్తగానే ముఖానికి ఆవిరి కొడుతుంది చూడండి, అట్లాంటి సెగ ఛాతీలో పుట్టి చెవుల దాకా పాకేది. ఏసీ గదిలో కూడా. రాత్రి రెండు గంటలకి జాకెట్టు తడిసిపోయి లేచేదాన్ని, మళ్లీ కన్ను మూతపడేది కాదు. నెలసరి ఒకసారి ఇరవై రోజులకే వచ్చేది, ఇంకోసారి రెండు నెలలు పత్తా ఉండేది కాదు, వస్తే మాత్రం వారం పైన వరదే. గుండె దడదడ అంటే ఒకచోట ఈసీజీ తీసి, అంతా బాగానే ఉందని టెన్షన్ మాత్రలు రాసిచ్చారు. ఇంకొకచోట స్కాన్‌లో చిన్న గడ్డ కనబడగానే "పిల్లలు పుట్టేశారు కదా, గర్భసంచి తీసేద్దాం" అన్నారు.

నేను దాదాపు ఒప్పేసుకున్నాను. అడ్డం పడింది మా సార్టింగ్ లైన్‌లో పనిచేసే ఒక అక్క. మొదటి థ్యాంక్స్ ఆమెకే. కాయలు ఏరుతూ, తల కూడా ఎత్తకుండా చెప్పింది: "నాకు ముప్పై మూడుకే తీసేసినారు మేడమ్. అండాశయాలూ తీసినారంట, నాకు తెలీనే తెలీదు. ఆపొద్దు నుంచీ ఒళ్లు మంటలే, ఎముకలు నొప్పులే. తొందరపడాకండి, ఇంకో డాక్టర్ని అడగండి." ఆ లైన్‌లో ఆమెలాంటివాళ్లు ఇంకా ఉన్నారని తర్వాత తెలిసింది. గర్భసంచి ఆపరేషన్లలో మన రాష్ట్రం దేశంలోనే ముందు వరసలో ఉంది. ఆపరేషన్ అవసరమైనవాళ్లకి అవసరమే, నేను కాదనను. కానీ తీయించుకోకుంటే వేరే ఏ దారి ఉందో ముందు చెప్పాలి కదా.

ఆ దారి చెప్పింది తిరుపతిలో ఒక డాక్టరమ్మ. చిత్తూరు నుంచి డెబ్బై కిలోమీటర్లు పోయి వస్తే ఒక పూట పోతుంది, ఆ పూట దండగ కాలేదు. ఆమె నన్ను మాట్లాడనిచ్చింది. హార్మోన్ పరీక్ష రాయమని నేనే అడిగితే నవ్వి, "45 దాటాక లక్షణాలు చూసే చెప్పొచ్చమ్మా, ఈ దశలో ఆ అంకె ఇవాళ ఒకటుంటే రేపు ఇంకోటి" అంది. పెరిమెనోపాజ్. ఏడాదిపాటు నెలసరి రాకపోతే మెనోపాజ్ అంటారు, దానికి ముందు కొన్నేళ్లు సాగే గందరగోళం ఇది. ఈస్ట్రోజెన్ ఎగుడుదిగుడు అవుతుంటే, ఒంటి వేడిని అదుపులో ఉంచే మెదడు భాగం చిన్న తేడాకే కంగారుపడి చెమటలు పట్టిస్తుందట.

ఆమె రాసిన పరీక్షలు వేరే: రక్తం, ఐరన్, థైరాయిడ్, మామోగ్రామ్, గర్భసంచి లోపలి పొర నుంచి చిన్న ముక్క. హిమోగ్లోబిన్ 8.2. ఆయాసం, దడ సగం దానివల్లే. ఐరన్ సెలైన్‌లో ఎక్కించారు. బ్లీడింగ్‌కి గర్భసంచిలో హార్మోన్ పరికరం పెట్టారు. సెగలకి చర్మం మీద రాసుకునే ఈస్ట్రోజెన్ జెల్. హార్మోన్లంటే క్యాన్సర్ అని నేను బెదిరితే విసుక్కోలేదు. ఆ భయం 2002లో అమెరికాలో ఆపేసిన ఒక పెద్ద అధ్యయనంతో పాకిందనీ, అందులో చేరినవాళ్ల సగటు వయసు 63 అనీ, రిస్క్ అసలే లేదని కాదు గానీ నా వయసుకి లెక్క వేరనీ ఓపిగ్గా చెప్పింది. ఇంట్లో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ ఉందా, నాకెప్పుడైనా కాళ్లలో రక్తం గడ్డకట్టిందా అని అడిగాకే చీటీ రాసింది. నాకు పనిచేసింది అందరికీ సరిపడదు. చూపించుకోకుండా నా మందులు కొనుక్కోకండి.

ఇక ఫ్యాక్టరీ. మా మేనేజర్ గారికి సంగతి ఎట్లా చెప్పాలా అని రిహార్సల్స్ వేసుకుని వెళ్తే, "ఆరోగ్యం బాగాలేదు సార్, నైట్ డ్యూటీ కుదరదు" అనగానే సరేనన్నారు. ఎందుకని అడగలేదు. మర్నాటికి నా టేబుల్ ఆవిరి పైపుల గోడ పక్క నుంచి కిటికీ దగ్గరికి జరిగింది, పైన ఒక ఫ్యాన్ కూడా తిరుగుతోంది. సార్, మీరు ఈ పోస్టు చదివితే ఆ రోజు ఎందుకో ఇప్పుడు తెలిసిపోతుంది. పర్లేదు.

నైట్ డ్యూటీలు పంచుకున్న ల్యాబ్ పిల్లలిద్దరికీ ప్రత్యేకంగా చెప్పాలి. నిద్ర లేని రోజుల్లో నోటిదాకా వచ్చిన మాట ఆగిపోయేది, చేతిలో శాంపిల్ ఏ బ్యాచ్‌దో ఒక్క క్షణం తట్టేది కాదు. వాళ్లు గోడకి తెల్లబోర్డు తగిలించి, గంట గంటకీ బ్యాచ్ నంబరు, బ్రిక్స్, పీహెచ్ రాయడం మొదలుపెట్టారు. "అందరికీ వీలుగా ఉంటుంది మేడమ్" అన్నారు. ఎవరి వీలు కోసమో నాకు తెలీదా! ఆ బోర్డు వచ్చే సీజన్‌లోనూ ఉంటుంది, ఎందుకంటే నిజంగానే అందరికీ పనికొచ్చింది.

మా ఆయన పడక మీద పలచటి నూలు దుప్పట్లు వేయించి, ఫ్యాన్ ఐదులో తిరుగుతుంటే తాను మాత్రం రగ్గు కప్పుకుని పడుకున్నాడు. అంతకంటే పొగిడితే నెత్తికెక్కుతాడు.

సీజన్ అంతా వంటిల్లు మోసింది మా అత్తమ్మ. పొద్దున్నే రాగి సంగటి, ఆకుకూర పప్పు క్యారియర్‌లో పెట్టి పంపేది. థ్యాంక్స్ చెప్పబోతే, "అవన్నీ ఫోన్‌లో రాసుకో. నువ్వు తిరుపతి పొయ్యేటప్పుడు నన్నూ తీసుకునిపో, నా మోకాళ్లు చూపించాల" అంది. వచ్చే నెల చెకప్‌కి ఇద్దరం వెళ్తున్నాం.