చలికాలంలో గది లోపలి పరుగు సాధన

సంపాదకులు గారికి నమస్కారాలు.

చలికాలంలో ట్రెడ్‌మిల్ మీద చేసే సాధన 42.195 కిలోమీటర్ల మారథాన్‌కు పనికిరాదని కొందరు కొట్టిపారేయడం నాకు బాధ కలిగిస్తోంది. మంచు పేరుకుని జారే రోడ్డు మీద, తెల్లవారుజాము చీకటిలో పరుగెత్తి కాలు విరగ్గొట్టుకోవడం కంటే, నాలుగు గోడల మధ్య క్రమం తప్పకుండా పరుగెత్తడమే వివేకమని, రెండు చలికాలాలు అలా సాధన చేసిన అనుభవంతో చెబుతున్నాను. గదిలో ఎదురుగాలి ఉండదు కనుక పరుగు కాస్త తేలికవుతుంది; ఆ తేడా పూడ్చుకోవడానికి, ముఖ్యంగా వేగంగా పరుగెత్తేవారు, యంత్రం ముందు భాగాన్ని 1 శాతం ఎత్తుగా పెట్టుకోవడం మేలు.

అంతకన్నా ముఖ్యమైనది చెమట సంగతి. బయట ఎంత చలి ఉన్నా, గాలి కదలని గదిలో చెమట త్వరగా ఆరదు. దానితో ఒంటి వేడి పెరిగి, గుండె వేగం హెచ్చి, నిన్న సులువుగా అనిపించిన పరుగే నేడు భారమవుతుంది. మొదటి చలికాలంలో ఈ అలసటను నా బలహీనతగానే భావించి చాలా నిరుత్సాహపడ్డాను. ఎదురుగా ఫ్యాను, చేతికందేలా మంచినీళ్లు ఉండటం తప్పనిసరి.

రోడ్డు పొడిగా ఉన్న రోజున మాత్రం బయటికి వెళ్లాలి, ఎందుకంటే మలుపులకు, పల్లాలకు కాళ్లు అలవాటు పడేది అక్కడే. మీ ఆరోగ్య శీర్షికలో ఈ విషయంపై శిక్షకుల సలహాలు ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు