పాత 9, కొత్త 65 ఒకే రోడ్డని రాసిపెట్టండి

రోడ్లు, భవనాల శాఖ ఉన్నతాధికారి గారికి నమస్కారం.

2010లో జాతీయ రహదారుల నంబర్లు మార్చారు. మా హైదరాబాద్–విజయవాడ రోడ్డు 9 కాస్తా 65 అయింది. పద్ధతి మంచిదే. ఉత్తర దక్షిణాలుగా వెళ్లేవాటికి సరి సంఖ్యలు, తూర్పు పడమరలుగా వెళ్లేవాటికి బేసి. 216ను చూస్తే 16కి కొమ్మ అని పిల్లలకైనా తెలుస్తుంది.

కానీ మా నాన్నగారి దస్తావేజులో దక్షిణపు హద్దు "నేషనల్ హైవే 9" అని ఉంది. ఆ అంకె మీద వేలు పెట్టి, ఇదెక్కడి రోడ్డని ఒక ఆఫీసులో అడిగారు. రుజువు తెమ్మంటూ మూడుసార్లు తిప్పారు. ఆయనకు డెబ్భై ఆరేళ్లు.

రాష్ట్ర రహదారులతో సహా పాత, కొత్త నంబర్ల పట్టికను ప్రతి రిజిస్ట్రేషన్ ఆఫీసు గోడకూ అంటించేలా చూడండి. కిలోమీటరు రాళ్ల మీద "పాత 9" అని చిన్నగానైనా రాయించండి.

ఇట్లు,
నందిగామ దగ్గరి ఒక రైతు కొడుకు