రోల్ ఫిల్మ్ ఎక్కించడానికి చీకటి గది అక్కర్లేదు

సంపాదకులకు నమస్కారం.

ఫిల్మ్ కెమెరాలకు మళ్లీ గిరాకీ వస్తోందని మీ ఆదివారం సంచికలో వేసిన వ్యాసం ఇష్టంగా చదివాను. స్టూడియో పెట్టి, మామూలు 35 ఎంఎం కంటే వెడల్పైన ఫిల్మ్ వాడే మీడియం ఫార్మాట్ కెమెరాతోనే ఇల్లు నడిపినవాణ్ని. ఇప్పుడు పాత కెమెరాల బ్యాక్‌లు, అంటే కెమెరా వెనక తగిలించే ఫిల్మ్ పెట్టెలు, బాగుచేస్తుంటాను. అందుకే ఆ వ్యాసంలో ఒక్క వాక్యం నన్ను చాలా బాధపెట్టింది. రోల్ ఫిల్మ్‌ను చీకటి గదిలోనే బ్యాక్‌లోకి ఎక్కించాలని రాశారు. అది తప్పు. కొత్తగా నేర్చుకునే పిల్లలు ఆ మాట నమ్మి చీకట్లో తడుముకుంటే, చూసుకోవాల్సిన గుర్తులు ఒక్కటీ కంటపడవు.

ఈ కెమెరాల్లో వాడే 120 రకం రోల్ ఫిల్మ్‌ను కొడక్ 1901లో తెచ్చింది. దాని వెనక ఈ చివర నుంచి ఆ చివర దాకా కాగితం ఉంటుంది. ఆ కాగితం ఫిల్మ్ కంటే ముందూ వెనకా పొడుగ్గా ఉంటుంది కాబట్టే పట్టపగలు ఎక్కించగలుగుతున్నాం. నేరుగా ఎండ పడకుండా నీడలో నిలబడితే చాలు. ఫ్రిజ్‌లోంచి తీసిన రోల్ అయితే చల్లదనం పూర్తిగా పోయాకే కవరు చించాలి, లేకపోతే చెమ్మ పడుతుంది.

రోల్‌కు పన్నెండు ఫోటోలు తీసే హాసెల్‌బ్లాడ్ కెమెరా ఏ12 బ్యాక్ సంగతే చెబుతాను, నా చేతికి బాగా అలవాటైనది అదే. ఫిల్మ్‌కు వెలుతురు తగలకుండా అడ్డుండే రేకును, అంటే డార్క్ స్లైడ్‌ను లోపలే ఉంచి, పక్కనున్న కీ తిప్పి, స్పూళ్లు (ఫిల్మ్ చుట్టే కండెలు) ఉండే లోపలి చట్రాన్ని, అంటే ఇన్సర్ట్‌ను బయటికి లాగాలి. పోయిన రోల్ తాలూకు వట్టి స్పూల్‌ను చుట్టుకునే వైపుకు మార్చి, కొత్త రోల్‌ను దాని చోట పెట్టాలి. కాగితాన్ని ఓ బెత్తెడు లాగి, అంచును క్లాంప్ కిందికి జొనిపి, కొసను వట్టి స్పూల్ చీలికలోకి తోయాలి. ఇక్కడే ఒక్క క్షణం ఆగి చూడాలి. కాగితానికి నల్లటి వైపు మనకు కనబడాలి, అంటే రేపు లెన్స్‌ను చూసేది అదే. రంగు వైపు కనబడితే రోల్ తిరగేసి పెట్టినట్టే. అలాగే తీస్తే పన్నెండు ఫోటోలూ కాగితం మీదే పడతాయి, దాని వెనకున్న ఫిల్మ్‌కు రవ్వంత వెలుతురు కూడా అందదు.

అలాంటి రోల్ ఖాళీగా వచ్చినప్పుడు చాలామంది ఫిల్మ్ కడిగిన ల్యాబ్ వాళ్ల మీద అరుస్తారు. అరిచే ముందు నెగటివ్ అంచులు చూడండి. ఫిల్మ్ పేరు, నంబర్లు అక్కడ స్పష్టంగా కనబడుతుంటే కడగడం సరిగానే జరిగింది. తిరగేసి ఎక్కించారా, షట్టర్ తెరుచుకుందా అన్నది చూసుకోవాలి. ఆ అక్షరాలు కూడా లేకపోతే లోపం కడగడంలోనే ఉంది.

తర్వాత కాగితం మీది బాణం గుర్తు ఇన్సర్ట్ మీది ఎర్ర గుర్తుకు ఎదురుగా వచ్చేదాకా చుట్టాలి. బాణం ముందే ఆగితే మొదటి ఫోటోలో కొంత ఫిల్మ్ మొదలవకముందే పడిపోతుంది. దాటిపోతే చివరి ఫోటోకు ఫిల్మ్ చాలకపోవచ్చు. ఇది చీకట్లో ఎలా కుదురుతుందో వ్యాసం రాసినవారే చెప్పాలి. చుట్టేటప్పుడు నిండు రోల్ మీద బొటనవేలు ఆనించి ఉంచాలి, జడ అల్లేటప్పుడు పాయ వదులవకుండా పట్టుకున్నట్టు. వదులుగా చుట్టుకున్న రోల్‌కు బయటికి తీసేటప్పుడు అంచుల్లోంచి వెలుతురు దూరుతుంది. నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో ఇది మరీ ఎక్కువ. ఇన్సర్ట్ లోపల పెట్టి కీ బిగించాక, పక్కనున్న పిడిని (క్రాంక్) ఆగేదాకా తిప్పితే ఫోటోల లెక్క చూపే చిన్న కిటికీలో 1 కనబడుతుంది.

మామియా ఆర్‌బీ67 లాంటి వేరే కెమెరాల్లో వివరాలు వేరు, నల్లటి వైపు సంగతీ బాణం సంగతీ మాత్రం మారవు.

పాత బ్యాక్ కొనేవాళ్లకు మరో మాట. హాసెల్‌బ్లాడ్ ఇన్సర్ట్ మీది నంబరు, బయటి పెట్టె నంబరులో చివరి మూడు అంకెలతో కలవాలి. కలవకపోతే ఫోటోల మధ్య ఎడం తేడాలు రావచ్చు. ఏ24 అని ఉంటే అది 120కి రెట్టింపు పొడవుండే 220 ఫిల్మ్ కోసం చేసింది. చవగ్గా వస్తోందని తీసుకుని అందులో 120 వేస్తే, పన్నెండు దగ్గర ఆపేది ఏదీ ఉండదు. ఫోటోలన్నిటిలో ఒకే చోట వెలుతురు మరక వస్తుంటే డార్క్ స్లైడ్ దూరే చోటున్న సీల్ అరిగిందేమో చూడండి, అది మార్చుకోదగ్గదే.

దయచేసి సవరణ వేయండి. వీలైతే నల్లటి వైపు, బాణం గుర్తు రెండూ కనబడేలా ఒక బొమ్మ కూడా ఇవ్వండి. గడువు దాటిన రోల్ ఒకటి పాడు చేసుకుని, దాంతో వెలుతురులోనే పదేపదే ఎక్కించి చూడమని పిల్లలకు చెప్పండి.

ఇట్లు,
ఒక పాత స్టూడియో ఫోటోగ్రాఫర్