కాలువలో పైపు, ఊళ్లో కామెర్లు: గ్రామీణ నీటి సరఫరా మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారాలతో రాయునది. మురుగు కాలువలోంచి వచ్చే మా ఊరి తాగునీటి పైపు గురించి, దానివల్ల వస్తున్న కామెర్ల గురించి ఇచ్చిన అర్జీలన్నింటికీ రసీదులు అందాయి గానీ జవాబులు అందలేదు. అందిన ఒకే ఒక్క జవాబు ‘నీటి నమూనాలో దోషం లేదు, ఫిర్యాదు పరిష్కరించబడినది’ అని. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను.

ఆ నమూనా ఎప్పుడు తీశారన్నది దయచేసి గమనించండి. మురుగు కలిసిన నీళ్లతో వచ్చి కామెర్లు తెచ్చే హెపటైటిస్ ఎ వైరస్ ఒంట్లో చేరిన 2 నుంచి 4 వారాలకు, ఒక్కోసారి 7 వారాలకు గానీ జబ్బు బయటపడదు. అన్నం సహించక, మూత్రం ముదురు రంగుకు మారి, కళ్లు పచ్చబడ్డాక మేము మొత్తుకుంటే మీ సిబ్బంది సీసాతో వస్తారు. ఆ చెడ్డ నీళ్లు అప్పటికి ఎప్పుడో తాగేశాం. పైగా ముందు ట్యాంకులో బ్లీచింగ్ పౌడర్ కలిపించి, తర్వాత ట్యాంకు కిందే పట్టిన నీరు బాగుండక ఏమవుతుంది? ఆ పరీక్షలో వెతికేది నీళ్లలో మురుగు కలిసిందేమో తెలిపే కోలిఫాం బ్యాక్టీరియాను. అది లేనంత మాత్రాన వైరస్ లేదని కాదు.

నీళ్లు చెడే అసలు చోటు మురుగు కాలువలో ఉంది. పైపు ఆ మురుగులో మునిగే వెళ్తుంది. పగిలిన జాయింటుకు సైకిల్ ట్యూబు ముక్క చుట్టి ఉంది, అదీ మేము చుట్టిందే. నీళ్లు వదిలినంతసేపూ అక్కడ చిమ్ముతూ ఉంటాయి. వాల్వు కట్టేసి ఒత్తిడి పడిపోగానే ఆ సందులోంచే పైపు మురుగును లోపలికి లాక్కుంటుంది, మర్నాడు ఆ నీళ్లే మా బిందెల్లోకి వస్తాయి. చివరి కుళాయిలో క్రిములను చంపే క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలన్న సంగతి మీ శాఖకు నేను చెప్పాలా?

చేతులు శుభ్రంగా కడుక్కోవాలని గోడల మీద రాయించారు, ధన్యవాదాలు. ఆ కడుక్కునే నీళ్లూ ఈ పైపువే.

ఆరేళ్లలోపు పిల్లల్లో చాలామందికి ఈ జబ్బు వచ్చినట్టే తెలియదు, కానీ వారి మలం ద్వారా వైరస్ ఇంకొకరికి చేరుతుంది. పెద్దవాళ్లలో జబ్బు తీవ్రంగా ఉంటుంది. వైరస్‌ను చంపే మందు లేదు, వారాల తరబడి మంచానపడి పనికి దూరం కావడమే. టీకా ఉందని విన్నాం, మా దాకా రాలేదు.

అయ్యా, పైపును కాలువలోంచి పైకి తీయించండి. అంతవరకు రోజూ చివరి కుళాయి దగ్గర క్లోరిన్ చూసి, ఆ అంకె పంచాయతీ బోర్డు మీద రాయించండి. జాయింటు మార్చడం ఒక్కపూట పని అని మీ శాఖ ఇంజినీరే మాతో అన్నారు. ఆ మాటనే కాగితం మీద పెట్టించి, తేదీ వేయించండి.

ఇట్లు,
చివరి వీధి కుళాయి వాడుకదారుల తరఫున ఒక గ్రామస్థుడు