ఆ గడ్డి బతికితేనే పీతలు

ఎడిటర్ గారికి నమస్కారం. మేము అమెరికాలో మేరీల్యాండ్‌లో చీసపీక్ బే (సముద్రపు అఖాతం) దగ్గర ఉంటాం, ఇక్కడ మన తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు కాబట్టి ఈ మాట మీ పేపర్లో రావాలని రాస్తున్నా. బేలో నీళ్ళ అడుగున గడ్డి పెరుగుతుంది, పీత పిల్లలు, చేప పిల్లలు దాక్కునేది అందులోనే. పొలాల నుంచి, ఇళ్ళ లాన్ల నుంచి, మురుగునీటి ప్లాంట్ల నుంచి ఎరువుల్లో, మురుగులో ఉండే నైట్రోజన్, ఫాస్ఫరస్ కొట్టుకొచ్చి పడితే పాచి పెరిగిపోయి నీళ్ళు చిక్కబడతాయి, ఇక ఎండ కిందికి దిగదు, ఎండ లేకపోతే గడ్డి ఎలా బతుకుతుంది? ఆకుల మీద కూడా జిగటగా పాచి పట్టేస్తుంది, వేలితో రాస్తే ఊడొస్తుంది.

అసలే నీరసించిన గడ్డి మీద తుఫాను పడితే ఇంకేముంది! 1972 జూన్‌లో ఆగ్నెస్ తుఫాను వరద బురదంతా తెచ్చి పోస్తే సస్కెహన్నా నది బేలో కలిసేచోట గడ్డి దాదాపు తుడిచిపెట్టుకుపోయింది, మళ్ళీ బాగా రావడానికి దాదాపు 30 ఏళ్ళు పట్టింది. అదే 2011లో లీ తుఫానుకి చాలా గడ్డి పోయినా నడుమ దట్టంగా ఉన్నది మాత్రం నిలబడింది. దట్టమైన గడ్డి నీటి వేగాన్ని తగ్గిస్తుంది, దాంతో బురద అడుక్కి దిగి లోపల నీళ్ళు తేటగా ఉంటాయి, అంటే తనని తనే కాపాడుకుంటుంది.

తుఫాన్లని మనం ఆపలేం, ఎరువుని ఆపగలం. వాన వస్తుందని ఫోన్లో కనిపిస్తున్నా లాన్‌కి ఎరువు చల్లేవాళ్ళని మా వీధిలోనే చూస్తున్నా, తెల్లారేసరికి ఆ గుళికలన్నీ రోడ్డు పక్క కాలవలో ఉంటున్నాయి. దయచేసి వాన ముందు చల్లకండి.

- ఒక పాఠకుడు, మేరీల్యాండ్