మీటరు చూపించే సున్నా

నాష్‌విల్

చిరంజీవి బుజ్జికి అక్క ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. అక్కడ అమ్మ, నాన్న, నువ్వు క్షేమమని తలుస్తాను.

నాన్న పాత మైకు సెట్టు ఆంప్లిఫయరు అటక మీంచి దించావని అమ్మ చెప్పింది. నువ్వు పంపిన ఫొటోలు పెద్దవి చేసుకుని చూశాను. రెండు ఈఎల్34 వాల్వులు (గాజు గొట్టాలు), వాటి ముందు ఈసీసీ83లు, బరువైన ట్రాన్స్‌ఫార్మరు, డబ్బా కండెన్సర్లు. ఇంకా ప్లగ్గు పెట్టలేదన్నావు, చాలా మంచి పని చేశావు. మల్టీమీటరు (వోల్టులు, ఓములు, కరెంటు కొలిచేది) వచ్చేదాకా అలాగే ఉంచు. ఏ మీటరు కొనాలని అడిగావు కాబట్టి తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది. కాగితమైతే బల్ల మీద పెట్టుకుని పని చేసుకోవచ్చు.

మా షాపుకి వచ్చేవన్నీ గిటారు ఆంప్లిఫయర్లే. ఈ ఊళ్లో బ్రాడ్వే వీధిలో పొద్దుటి నుంచి అర్ధరాత్రి దాటేదాకా బ్యాండ్లు వాయిస్తూనే ఉంటాయి, మ్యూజిక్ రో వైపు వెళితే స్టూడియోలు. ఫెండర్ ట్విన్ రివర్బ్ లాంటివి మా బల్ల మీదికి తరచుగా వస్తాయి. అందులో నాలుగు 6ఎల్6 వాల్వులు, వాటికి 450 వోల్టులకి అటూ ఇటూగా డీసీ. నాన్న పెళ్లిళ్లకి తీసుకెళ్లిన ఆంప్లిఫయరుకీ వీటికీ లోపలి పద్ధతి ఒకటే, వోల్టేజీలూ దగ్గరదగ్గరే. అందుకే ఇక్కడ మేం పాటించేదే నీకు రాస్తున్నాను.

వాల్వు ఆంప్లిఫయరు మీద తీసే రీడింగుల్లో అన్నిటికన్నా ముఖ్యమైంది సున్నా. స్విచ్ ఆపేసి, ప్లగ్గు పీకేసినా డబ్బా కండెన్సర్లలో డీసీ మిగిలే ఉంటుంది. 100 మైక్రోఫారడ్ల కండెన్సరు 450 వోల్టులకి నిండితే దాన్లో పది జౌళ్ల శక్తి ఉంటుంది. ఒక చేతి నుంచి ఇంకో చేతికి, అంటే గుండె మీదుగా వెళ్లిందంటే ప్రాణాపాయమే. దాన్ని ఖాళీ చేసే బ్లీడరు రెసిస్టరు కొన్ని సెట్లలో అసలు ఉండదు, ఉన్నా ఇన్నేళ్లకి తెగిపోయి ఉండొచ్చు. కాబట్టి చెయ్యి లోపల పెట్టే ముందు మీటరు సున్నా చూపించాలి. చిక్కంతా ఇక్కడే ఉంది. లోపల కరెంటు లేకపోయినా మీటరు సున్నానే చూపిస్తుంది, ప్రోబు వైరు లోపల తెగిపోయినా సున్నానే చూపిస్తుంది. డయలు ఏసీ మీద ఉండిపోతే డీసీ ఉన్నా కనపడదు. అందుకని నువ్వు షాపులో అడగాల్సింది ఎన్ని ఫంక్షన్లు ఉన్నాయని కాదు. ఈ మీటరు సున్నా అంటే నమ్మి చెయ్యి పెట్టొచ్చా అన్నది చూసుకో.

జేబులో పెట్టుకునే టెస్టరు స్క్రూడ్రైవరుని ఈ పనికి నమ్మకు. వైరు దగ్గర పెడితే కూసే పెన్నులు ఉంటాయి చూడు, అవి ఏసీని మాత్రమే పసిగడతాయి. కండెన్సర్లో నిలవున్న డీసీ వాటికి తెలియదు.

ఇక వోల్టుల సంగతి. నీ ట్రాన్స్‌ఫార్మరు సెకండరీ (బయటికిచ్చే చుట్ట) 350-0-350, అంటే మధ్య ట్యాపు నుంచి రెండు చివరలకీ చెరో 350 వోల్టులు అనుకుందాం. రెక్టిఫయరు తర్వాత మొదటి కండెన్సరు శిఖరం దాకా నిండుతుంది, అంటే 350ని 1.414తో గుణిస్తే 495 వోల్టులు. వాల్వులు వేడెక్కి కరెంటు తీసుకోవడం మొదలుపెట్టాక కొంత తగ్గుతుంది, సెమీకండక్టరు డయోడ్లుంటే వేడెక్కేదాకా ఆ 495 అలాగే నిలబడుతుంది. ఇప్పుడు సెకండరీ రెండు చివరల మధ్యా ప్రోబులు పెట్టావనుకో, అక్కడ 700 వోల్టుల ఏసీ. 600 వోల్టుల వరకే అని రాసున్న మీటరు దానికి తగదు. ఫ్లూక్ 117 చాలా మంచి మీటరు, కరెంటు పని చేసేవాళ్లు ఇష్టపడతారు, కానీ దాని హద్దు 600. మంచి కంపెనీ పేరు చూసి తీసుకుంటే సరిపోదని అందుకే అంటున్నాను. మనకి 1000 వోల్టులు కావాలి. 1000 ఉన్నా సరే, సెకండరీని ఒక్కో సగం విడిగా, మధ్య ట్యాపు నుంచి కొలువు. పాట వస్తుండగా ఈఎల్34 ఆనోడు (వాల్వులో కరెంటు చేరే పలక) మీద మాత్రం ప్రోబు పెట్టకు. సిగ్నలున్నప్పుడు అక్కడ వోల్టేజీ సప్లైకి రెట్టింపు దాకా లేస్తుంది, స్పీకరు ఊడిపోయి ఉంటే ఇంకా పైకి పోతుంది.

మీటరు జాక్‌ల పక్కన క్యాట్ 2, క్యాట్ 3 అని ఉంటాయి. గోడ ప్లగ్గుకి తగిలించే సామాన్లకి క్యాట్ 2, ఇంటి మెయిన్ బోర్డు దాకా అయితే క్యాట్ 3, వీధి స్తంభం నుంచి వచ్చే లైనుకి క్యాట్ 4. లైన్లో ఒక్కసారిగా వచ్చే వోల్టేజీ పోటుని మీటరు పేలకుండా ఎంతవరకు తట్టుకుంటుందో చెప్పే లెక్క అది. నీకు కనీసం క్యాట్ 3 - 600 వోల్టులు, క్యాట్ 2 - 1000 వోల్టులు ఉన్నది చూడు. అంతకన్నా ముఖ్యంగా, ఆ ముద్ర పక్కన యూఎల్, సీఎస్ఏ, టీయూవీ లాంటి బయటి పరీక్షా సంస్థ గుర్తు ఉందో లేదో చూడు. సీఈ అన్నది తయారుచేసినవాళ్లు తమకి తామే వేసుకోగలిగే గుర్తు. అదొక్కటే ఉంటే నాకు ధైర్యం చాలదు.

మూడొందలకి దొరుకుతుందన్నావే పసుపు మీటరు, దాన్ని ఈ పనికి వాడొద్దని గట్టిగా చెబుతున్నాను. బ్యాటరీలు, ఫ్యూజులు, వైరు కంటిన్యూయిటీ చూసుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ దాని 10 ఆంపియర్ల జాక్ పక్కన చిన్న అక్షరాలతో అన్‌ఫ్యూజ్డ్ అని ఉంటుంది, అంటే లోపల ఫ్యూజు లేదు. ఎర్ర ప్రోబు ఆ జాక్‌లో ఉండిపోయి 450 వోల్టుల మీద పెడితే నేరుగా షార్టే. మంచి మీటర్లలో రెండు కరెంటు జాక్‌లకీ ఇసక నింపిన సిరామిక్ ఫ్యూజులు ఉంటాయి, గాజు ఫ్యూజు కాదు. గాజుది తెగినా లోపల మెరుపు ఆరక కరెంటు పోతూనే ఉండే ప్రమాదం ఉంది, ఇసక ఆ మెరుపుని ఆర్పేస్తుంది. షాపువాడు ఒప్పుకుంటే వెనక మూత తీయించి చూడు.

ఆ పసుపు మీటరుతో ఇంకో ఇబ్బంది, అది చాలామందికి తెలియదు. దాని ఇన్‌పుట్ రెసిస్టెన్సు ఒక మెగోము. మంచి డిజిటల్ మీటరుకి పది మెగోములు. నాన్న ముల్లు మీటరు ఉంది కదా, దాని డయలు మూలన వోల్టుకి 20,000 ఓములు అని ఉంటుంది చూడు. అంటే 50 వోల్టుల రేంజిలో అదీ ఒక మెగోమే. ఈఎల్34 గ్రిడ్డుకి (వాల్వులో కరెంటుని అదుపు చేసే భాగం) మైనస్ 40 వోల్టుల బయాసు, అంటే ఆ కరెంటుని హద్దులో ఉంచే వోల్టేజీ, 220 కిలోఓముల రెసిస్టరు గుండా వస్తోందనుకో. ఒక మెగోము మీటరు అక్కడ పెడితే మైనస్ 33 చూపిస్తుంది. రీడింగు తప్పు కావడం ఒక్కటే అయితే ఫరవాలేదు. మీటరు పెట్టినంతసేపూ గ్రిడ్డు మీద నిజంగానే మైనస్ 33 ఉంటుంది, ఆ వాల్వులో కరెంటు ఎగబాకుతుంది, ఆనోడు ఎర్రబడుతుంది. కొలవడమే వాల్వుని చెడగొడుతుందన్నమాట. పది మెగోములతో తేడా ఒక్క వోల్టు కూడా రాదు. బయాసుని గ్రిడ్డు కాలు దగ్గర కాకుండా రెసిస్టరుకి అవతల, సప్లై వైపు కొలిస్తే మరీ మంచిది.

ఈ పది మెగోములతో ఇంకో గొప్ప ఉపయోగం ఉంది. పాత సెట్లలో వాల్వుకీ వాల్వుకీ మధ్య ఉండే కప్లింగ్ కండెన్సర్లు డీసీని కారుస్తుంటాయి, దాంతో తర్వాతి వాల్వు గ్రిడ్డు ప్లస్ వైపుకి జరిగి వాల్వు కాలిపోతుంది. కెపాసిటెన్సు రేంజిలో కొలిస్తే ఆ కండెన్సరు నిక్షేపంలా కనపడుతుంది, ఎందుకంటే మీటరు దాన్ని చిన్న వోల్టేజీతోనే చూస్తుంది. దాన్ని పట్టుకోవాలంటే, సెట్టు ఆపి, పూర్తిగా ఖాళీ చేసి, గ్రిడ్డు వైపు కాలు ఊడదీయి. ఈఎల్34లు తీసి పక్కన పెట్టు. ఆ కాలికీ, సెట్టు లోహపు పెట్టె అయిన ఛాసీస్‌కీ మధ్య మీటరు క్లిప్పులు తగిలించి, డీసీ వోల్టుల్లో పెట్టి, చేతులు వెనక్కి తీసుకుని అప్పుడు ఆన్ చెయ్యి. అంకె మొదట ఎగిరి మెల్లగా దిగుతుంది. చివరికి ఒక వోల్టు దగ్గర ఆగిపోయిందంటే 0.1 మైక్రోఆంపియరు కారుతోందని అర్థం. పది మెగోముల మీదుగా లెక్క వేసుకో, నీకే తెలుస్తుంది. నాకు ఈ పరీక్ష అంటే చాలా ఇష్టం. ఎక్కువ డబ్బు పెట్టి కొనే టెస్టరు చేసే పని మామూలు వోల్టుమీటరు చేసేస్తుంది.

బయాసు సరిచేయడానికి మిల్లీవోల్టుల రేంజి కావాలి, అందులో 0.1 మిల్లీవోల్టు దాకా కనపడాలి. ఒక్కో ఈఎల్34 క్యాథోడుకీ (వాల్వులో ఆనోడుకి ఎదుటి కొస) ఛాసీస్‌కీ మధ్య ఒక ఓము రెసిస్టరు వేస్తే 39 మిల్లీఆంపియర్లకి 39 మిల్లీవోల్టులు చూపిస్తుంది, కరెంటు జాక్ ముట్టుకునే పనే ఉండదు. 39 ఎందుకంటే, ఈఎల్34 ఆనోడు 25 వాట్లు తట్టుకుంటుంది, అందులో 70 శాతం 17.5, దాన్ని 450తో భాగించు. క్యాథోడులో స్క్రీన్ కరెంటు కూడా కలిసి ఉంటుంది కాబట్టి ఆ లెక్క జాగ్రత్త వైపే మొగ్గుతుంది.

ట్రూ ఆర్ఎంఎస్ (వంకర ఏసీని కూడా సరిగ్గా కొలిచే పద్ధతి) ఉంటే ఉండనీ, లేకపోతే దానికోసం డబ్బు పెంచకు. టెంపరేచరు, ఫ్రీక్వెన్సీ, బ్లూటూత్ మనకి అక్కర్లేదు. అర శాతం ఖచ్చితత్వం ధారాళంగా సరిపోతుంది. పాత సర్క్యూట్ బొమ్మల్లోని వోల్టేజీలు అయిదారు శాతం అటూ ఇటూ ఉన్నా సెట్టు హాయిగా పాడుతుంది.

మా షాపులో ఉన్నది ఫ్లూక్ 87వి. ఇక్కడే నాలుగు వందల డాలర్లు దాటుతుంది, నువ్వు దాని జోలికి పోనక్కర్లేదు. తైవాన్‌లో బ్రైమెన్ వాళ్లు చేసేవి బాగుంటాయి. మన దగ్గర నాసిక్ రిషభ్ వాళ్లవి, మెకో వాళ్లవి దొరుకుతాయి. హైదరాబాదు వెళ్లినప్పుడు కోఠీ గుజరాతీ గల్లీలో అడుగు, నేను రాసిన వాటితో పోల్చి చూసుకుని తీసుకో. పెద్ద కంపెనీ పేరుతో నకిలీలు వస్తున్నాయి. ధర మరీ తక్కువ చెబితే అనుమానించు.

మీటరు కోసం పెట్టుకున్న డబ్బులో కొంత వైర్లకి ఉంచు. చవక వైరు పైతొడుగు బిరుసెక్కి పగుళ్లిస్తుంది, వేలు ఆనేది సరిగ్గా అక్కడే. సిలికాన్ తొడుగుది, మెత్తగా ఉండేది, దాని మీద కూడా 1000 వోల్టులు, క్యాట్ 3 అని ఉన్నది తీసుకో. నల్ల ప్రోబుకి మొసలి క్లిప్పు కొని ఛాసీస్‌కి తగిలించి వదిలేయి. అప్పుడు ఎర్ర ప్రోబు ఒక్కటే చేతిలో ఉంటుంది, ఎడమ చెయ్యి జేబులో ఉంటుంది. నాన్న కూడా అలాగే చేసేవారు, అడిగి చూడు.

మీటరు వచ్చాక మొదటిసారి ఆన్ చేసేటప్పుడు సిరీస్ బల్బు (మెయిన్స్ వైరులో వరసగా కలిపే బల్బు, లోపల షార్టుంటే అది వెలిగి కరెంటుని అడ్డుకుంటుంది) పెట్టే చెయ్యి. త్రీపిన్ ప్లగ్గు వేసి ఎర్తు ఛాసీస్‌కి కలిపావో లేదో ఓముల్లో చూసుకో. ఆపిన ప్రతిసారీ డీసీ రేంజిలో మీటరుని ముందు 9 వోల్టుల బ్యాటరీ మీద పెట్టి చూడు, తర్వాత కండెన్సరు మీద, తర్వాత మళ్లీ బ్యాటరీ మీద. మూడూ సరిగ్గా వస్తేనే మధ్యది నిజమైన సున్నా. ఖాళీ చేయడానికి స్క్రూడ్రైవరుతో షార్ట్ చేయకు. 10 కిలోఓముల 5 వాట్ల రెసిస్టరుకి రెండు వైపులా తొడుగున్న క్లిప్పులు పెట్టి వాడు. 100 మైక్రోఫారడ్లు అయిదారు సెకన్లలో దిగిపోతాయి. అయినా మీటరు తీసేయకు, అలాగే ఉంచు. ఖాళీ అయిన కండెన్సర్లో కాసేపటికి కొన్ని వోల్టులు తిరిగి పుట్టుకొస్తాయి, అది నీ కళ్లతోనే చూస్తావు.

అమ్మమ్మ వాళ్ల వాల్వు రేడియో కూడా బాగుచేస్తానన్నావట. దాని వెనక అట్ట తీసి వాల్వుల పేర్లు చూడు. యూ అక్షరంతో మొదలయ్యే యూఎల్84 లాంటివి ఉంటే అందులో ట్రాన్స్‌ఫార్మరు లేకుండా ఛాసీస్ నేరుగా మెయిన్స్‌కి కలిసి ఉండొచ్చు. నేను రాసినట్టు నల్ల క్లిప్పు ఛాసీస్‌కి తగిలించే పద్ధతి దానికి పనికిరాదు, త్రీపిన్ ఎర్తు కలపడమూ కుదరదు. దాన్ని ఇప్పుడు ముట్టుకోకు, దాని గురించి విడిగా రాస్తాను.

మీటరు కొన్నాక జాక్‌ల చుట్టూ ఉన్న రాతలు, వెనక మూత లోపలి ఫ్యూజులు స్పష్టంగా ఫొటో తీసి పంపు. నేను చూసి సరే అన్నాకే ప్లగ్గు పెట్టు. నాన్నకీ అమ్మకీ నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
అక్క