ఆకాశంలో వెలుగు ‘వింత’గానే మిగిలిపోవాలా?

సంపాదకులకు నమస్కారాలు.

ఉగాది రాత్రి ఆకాశంలో కనిపించిన వెలుగు గురించి మీ పత్రిక జిల్లా పేజీలో ‘నింగిలో వింత కాంతి’ అనే శీర్షికతో నాలుగు వాక్యాల వార్త వచ్చింది. దాని సంగతి తేల్చి మళ్లీ ఏమైనా రాస్తారేమోనని పది రోజులు చూసి, ఇక రాయరని అర్థమయ్యాక ఈ ఉత్తరం రాస్తున్నాను. కాగితం మిల్లులో పనిచేసి జీవితం గడిపినవాణ్ణి కనుక అచ్చులో వచ్చిన మాట మీద నాకు గౌరవం ఎక్కువ. అందుకే బాధ కూడా ఎక్కువగానే కలిగింది.

2022 ఏప్రిల్ 2, శనివారం నాడు పంచాంగ శ్రవణం ముగిసి మేమంతా గుడి ఆవరణలో నిలబడి ఉండగా, పావు తక్కువ ఎనిమిది ప్రాంతంలో ఆ వెలుగు కనిపించింది. పాడ్యమి కావడం వల్ల వెన్నెల లేదు. ఉత్తరపు ఆకాశంలో పడమటి నుంచి తూర్పుకు, ఒకదాని వెనుక ఒకటిగా నిప్పుకణికలు తోకలతో సహా కదిలిపోయాయి. చప్పుడు వినిపించలేదు. కొందరు చేతులు జోడించారు, కొందరు శుభకృత్ మొదటి రోజే ఇదేం సూచన అని దిగులుపడ్డారు. గత నెలలోనే మన క్షిపణి పొరపాటున దూసుకెళ్లి పాకిస్థాన్‌లో పడిన వార్త అందరి మనసుల్లోనూ ఉంది కనుక, యుద్ధం వచ్చిందన్న మాట కూడా క్షణాల్లో పుట్టింది.

మీ వార్తలో ‘ఉల్క కావచ్చు’ అని రాశారు. ఉల్క సెకనుకు పదకొండు కిలోమీటర్లకు తక్కువ కాని వేగంతో వచ్చి, సాధారణంగా రెండు మూడు సెకన్లలో మాయమవుతుంది. మేము చూసినది పిల్లలు ఇళ్లలోకి పరుగెత్తి పెద్దలను పిలుచుకొని వచ్చేదాకా కనిపించింది. అంత నింపాదిగా, అంత అడ్డంగా, ముక్కలు ముక్కలుగా విడిపోతూ సాగేది కక్ష్య నుంచి జారి వాతావరణంలో కాలిపోతున్న మనిషి చేసిన వస్తువేనని ఏ భౌతికశాస్త్ర అధ్యాపకుణ్ణి అడిగినా చెప్పేవారు. మీరు ఎవరినీ అడగలేదు.

ఆ రాత్రే వార్ధా నది అవతల, మా కాగజ్‌నగర్‌కు వంద కిలోమీటర్ల దూరంలో, మహారాష్ట్రలోని చంద్రాపూర్ జిల్లా సిందేవాహి తాలూకా లాడ్‌బోరీ గ్రామంలో దాదాపు మూడు మీటర్ల వ్యాసం ఉన్న లోహపు వలయం ఇళ్ల దగ్గరి ఖాళీ స్థలంలో పడింది. చుట్టుపక్కల లోహపు గోళాలు కూడా దొరికాయి. అది 2021 ఫిబ్రవరిలో చైనా ప్రయోగించిన లాంగ్ మార్చ్ 3బి రాకెట్ మూడో దశ, అంటే దాని చివరి భాగం, అయి ఉంటుందని అమెరికాలోని హార్వర్డ్-స్మిత్సోనియన్ పరిశోధన కేంద్రపు ఖగోళ శాస్త్రవేత్త జొనాథన్ మెక్‌డోవెల్ అప్పుడే చెప్పారు. ఇస్రో శాస్త్రవేత్తలు వచ్చి ఆ శకలాలను పరిశీలించారు కూడా. ఈ వివరాలన్నీ నేను బల్లార్షాలోని మా బంధువుల ద్వారా, మరాఠీ పత్రికల ద్వారా తెలుసుకోవలసి వచ్చింది. నది ఇవతల ఉన్నవారికి తెలుగులో చెప్పేవారే లేకపోయారు.

అధికారుల సంగతి చెప్పడానికే మనసొప్పడం లేదు. ఆ రాత్రి నేను ఒక కార్యాలయానికి ఫోన్ చేస్తే పండుగ సెలవన్నారు. మర్నాడు ఆదివారం. సోమవారం స్వయంగా వెళితే, ఆకాశంలో జరిగినది మా పరిధిలోకి రాదని చెప్పి పంపించారు. మా పొలాల్లో ఒక ముక్క పడి ఉంటే అది ఎవరి పరిధి అవుతుందని అడిగాను. ఎవరూ నోరు విప్పలేదు. వరద వచ్చినా, పులి వచ్చినా, ఆకాశం నుంచి ఇనుము పడినా, మాకు అందేది ఈ మౌనమే.

1979 జూలైలో అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ పడుతుందన్నప్పుడు నేను చిన్నపిల్లవాణ్ణి. ఎలాగూ పోతాం కదా అని మా ఊళ్లో కోళ్లను కోసుకొని తిన్నారు. చివరకు అది హిందూ మహాసముద్రంలోనూ పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ పడింది. ఆ రోజుల్లో భయం ఎక్కువ, నిజమే, కానీ అది ఏమిటో, ఎవరిదో ఊళ్లో చదువురానివారికి కూడా తెలుసు. రేడియో చెప్పింది, పత్రికలు బొమ్మలు వేసి వివరించాయి. నలభై మూడేళ్ల తరువాత, ప్రతి చేతిలో ఫోన్ ఉన్న కాలంలో, మా గుడి ఆవరణలో నిలబడిన రెండు వందల మందికి ఆ వెలుగు పేరు చెప్పగలిగినవారు లేరు. టీవీలో మాత్రం మర్నాడు దాని ఫలితాలు ఏ రాశివారికి ఎలా ఉంటాయో గంటసేపు చెప్పారు.

ముందుగా హెచ్చరించలేదని నా ఫిర్యాదు కాదు. ఇటువంటి శకలం ఒక్క నిమిషం ముందువెనుకలైతే పడే చోటు నాలుగు వందల కిలోమీటర్లకు పైగా మారిపోతుందని నాకు తెలుసు. కానీ పడిన తరువాత అది ఏమిటో చెప్పడానికి, ముట్టుకోవద్దని, విషపూరితమైన ఇంధనం మిగిలి ఉండవచ్చని దండోరా వేయించడానికి ఏ అడ్డంకి ఉంది? 1972 నాటి అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం భూమి మీద జరిగే నష్టానికి ప్రయోగించిన దేశమే బాధ్యత వహించాలి. 1978లో తమ నేల మీద పడిన కాస్మోస్ 954 ఉపగ్రహానికి కెనడా సోవియట్ యూనియన్ నుంచి ముప్పై లక్షల కెనడా డాలర్లు రాబట్టుకున్నది. అది వారు ముక్కలను వెతికి, లెక్క రాసి, భద్రపరచినందువల్ల సాధ్యమైంది. మా దగ్గర పాత ఇనుము కొనేవాడికి అమ్మేస్తే రేపు ఏ రైతు ఏ సాక్ష్యంతో పరిహారం అడుగుతాడు?

కనుక మీరు ‘వింత కాంతి’ వార్త వేసిన అదే జిల్లా పేజీలో, అంతకంటె పెద్ద అక్షరాలతో, ఆ రాత్రి మేము చూసినది ఏమిటో రాయండి. అటువంటి ముక్క పొలంలో కనిపిస్తే ఏ అధికారికి, ఏ నంబరుకు తెలియజేయాలో జిల్లా యంత్రాంగాన్ని అడిగి, వారి జవాబును వారి పేరుతో అచ్చువేయండి. జవాబు ఇవ్వకపోతే, ఇవ్వలేదనే వేయండి.

– ఒక పాఠకుడు, కాగజ్‌నగర్, కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా